తోడు లేని దారి

"ఒక్కరే వెళ్ళారా?" అన్న ప్రశ్నకు మనలో మూడు అర్థాలున్నాయి. ఆశ్చర్యం ఒకటి, జాలి ఒకటి, అనుమానం ఒకటి. అడిగినవారి కనుబొమలు ఎంత పైకి లేచాయన్నదాన్నిబట్టి అందులో ఏదో మనం తేల్చుకోవాలి. కాశీకి పోయినా కాకినాడకు పోయినా తోడు లేకుండా బయలుదేరడం మనవాళ్ళకు బొత్తిగా గిట్టదు. రైల్లో ఎదుటి బల్లమీద కూర్చున్న ముక్కూ మొహం తెలియని ఆవిడకైనా సరే, "కాస్త మా అమ్మాయిని చూస్తూండండి" అని అప్పగించి దిగితే గాని కన్నతల్లికి తృప్తి ఉండదు.

ఈ వేసవి సెలవుల్లో నేను ఐస్‌లాండుకు వెళ్ళి, అద్దెకు కారు తీసుకుని, ఆ దీవి చుట్టూ పదిరోజులు ఒంటరిగా తిరిగి వచ్చాను. అప్పటినుంచి ఆ ప్రశ్న రోజుకు నాలుగుసార్లు తప్పడంలేదు. మా వీధి చివరి మామ్మగారైతే, "కొండల్లో నిప్పు మండుతూంటే, తెలిసిన మనిషంటూ లేనిచోట ఒక్కదానివే ఎట్లా తిరిగావే తల్లీ!" అని బుగ్గలు నొక్కుకున్నారు. ఆవిడ మాటలో అన్యాయమేమీ లేదు. నేల స్థిరంగా ఉన్నచోట తోడు లేకపోయినా గడుస్తుంది. నేలే కదిలేచోట మనిషికి మనిషి కావాలి. నాకు అక్కడ ఆ తోడు ఎట్లా దొరికిందో అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఈవారం ఇక్కడే చెప్పేస్తున్నాను.

ముందు ఆ నేల సంగతి. ఐస్‌లాండ్ విస్తీర్ణం సుమారు 1,03,000 చదరపు కిలోమీటర్లు. జనం నాలుగు లక్షలకు కాస్త తక్కువ. అట్లాంటిక్ సముద్రం అడుగున ఉత్తర దక్షిణాలుగా సాగే కొండల వరుస ఒకటి అక్కడ మాత్రం నీళ్ళపైకి తేలింది. ఆ వరుస వెంబడి భూమి పెంకు రెండుగా చీలి, ఒక చెక్క అమెరికావైపు, ఇంకొకటి యూరప్‌వైపు ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున జరుగుతున్నాయి. ఆ చీలికలోంచి అడుగున ఉన్న నిప్పు పైకి వస్తుంది. కొండల నెత్తిన చూస్తే తరతరాల మంచు, ఆ మంచు కింద మళ్ళీ అగ్నిపర్వతాలు! మంచు కరిగి నదులవుతుంది, ఆ నదులు లావా పేర్చిన మెట్లమీదినుంచి దూకితే జలపాతాలవుతాయి. అంచేత ఆ దేశంలో నిప్పును చూడబోయినవాడికి నీళ్ళు, నీళ్ళను చూడబోయినవాడికి నిప్పు ఎదురవుతూ ఉంటాయి.

వాళ్ళ భాషలో 'ఫోస్' అంటే జలపాతం. తెలుగు పాఠం చెప్పుకునే నాకు రోడ్డు పక్క బోర్డులన్నీ సమాసాల్లాగే కనిపించాయి. స్వార్తిఫోస్ నల్ల జలపాతం, విశేషణ పూర్వపద కర్మధారయం. స్కోగాఫోస్ అడవుల జలపాతం, షష్ఠీ తత్పురుష. విగ్రహవాక్యం చెప్పుకుంటూ కారు నడిపితే దారి తెలియలేదు. కాని అక్కడ రోడ్డుకు కుడివైపున నడపాలి గనుక, కళ్ళు బోర్డులమీద ఎక్కువసేపు నిలపకూడదు సుమండీ.

దీవి చుట్టూ తిరిగే ఒకటవ నంబరు రోడ్డు పొడవు 1,300 కిలోమీటర్ల పైచిలుకు. ఆ వలయం పూర్తయింది 1974లో. దానిమీద ఒక్క బండికి మాత్రమే చోటున్న వంతెనలు నేటికీ ఉన్నాయి. పోలీసు ఉండడు, దీపం ఉండదు. వంతెనకు ముందు చేరినవాడిది ముందు హక్కు, రెండోవాడు ఆగాలి. నాకోసం ఆగినవాడికి నేను చెయ్యెత్తేదాన్ని. నేను ఆగితే వాడు చెయ్యెత్తేవాడు. రోజంతా కలిపి నలుగురు మనుషులను చూసినరోజున ఆ ఎత్తిన చెయ్యి ఎంత పెద్ద పలకరింపో చెప్పలేను.

విమానం దిగేచోటే లావా మైదానం మొదలవుతుంది. ఆ రెక్యానెస్ ద్వీపకల్పంలో దాదాపు 800 ఏళ్ళు నిద్రపోయిన నిప్పు 2021 మార్చిలో మేలుకున్నది. అక్కడికి దగ్గరలోనే గ్రిందావిక్ అనే జాలరుల ఊరు. 2023 నవంబరు 10న భూకంపాలమీద భూకంపాలు వచ్చి నేల చీలడంతో, ఆ రాత్రికి రాత్రి సుమారు 3,800 మందిని ఊరు దాటించారు. 2024 జనవరి 14న లావా ఊరి అంచుకు వచ్చి మూడు ఇళ్ళను కాల్చింది. ఎదురుగా మట్టికట్టలు పోసి లావాను పక్కకు మళ్ళించకపోతే నష్టం ఇంకా ఎక్కువ జరిగేది. నదికి కట్ట వేయడం మనమెరుగుదుం. నిప్పుకు కట్ట వేయడం నేను అక్కడే చూశాను.

అక్కడినుంచి గుల్‌ఫోస్ చూడబోయాను. బంగారు జలపాతమని అర్థం. హ్వీతా అనే నది 11 మీటర్లు ఒక మెట్టు, 21 మీటర్లు ఇంకొక మెట్టు దూకి, ఇరుకు లోయలో పడి మాయమవుతుంది. ఆ తుంపరలో తడిసి నిలబడినప్పుడు ఒక స్త్రీ ముఖం చెక్కిన రాయి కంటబడింది. ఆవిడ సిగ్రిదుర్ తోమస్‌దోత్తిర్. 1871లో ఆ పక్క పొలంలోనే పుట్టిన రైతుబిడ్డ. బడికి పోయి చదువుకోలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో విదేశీ వ్యాపారులు ఆ జలపాతానికి ఆనకట్ట వేసి కరెంటు తీయాలని చూశారు, నీటి హక్కులు కౌలుకు పోయాయి. ఆవిడ ఒప్పుకోలేదు. కోర్టుకెక్కింది. వందకు పైగా కిలోమీటర్లు, నదులు దాటుకుంటూ రాజధాని రెక్యవిక్‌కు ఎన్నోసార్లు నడిచింది. కాళ్ళు నెత్తురోడాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆనకట్టకు పలుగు పడితే జలపాతంలో దూకుతానన్నది.

కేసు ఓడిపోయింది. అయినా కౌలు డబ్బు సరిగా చెల్లకపోవడంతో ఆ ఒప్పందం రద్దయింది. ఈలోగా ఒక జలపాతం అమ్మకపు సరుకు కాదన్న మాట దేశమంతా పాకిపోయింది. కుండెడు పాలకు తోడు ఒక్క చుక్క చాలునంటారు మన ఆడవాళ్ళు. ఆవిడ అటువంటి చుక్క. ఆవిడ 1957లో పోయింది, 1979లో గుల్‌ఫోస్‌ను రక్షిత ప్రదేశం చేశారు. ఆవిడ తరఫున వాదించిన వకీలు స్వెయిన్ బ్యోర్న్‌సన్ 1944లో ఆ దేశానికి మొదటి అధ్యక్షుడైనాడు. నేను టిక్కెట్టు లేకుండా ఆ నీళ్ళను చూసి వచ్చానంటే, ఎప్పుడో ఒంటరిగా నడిచిన ఆవిడ పుణ్యమే.

దక్షిణపు దారిలో సెల్యాలాండ్స్‌ఫోస్, స్కోగాఫోస్ రెండూ సుమారు 60 మీటర్ల ఎత్తునుంచి దూకుతాయి. మొదటిదాని వెనక్కు వెళ్ళి, నీటి తెర ఈవలనుంచి లోకాన్ని చూడవచ్చు. అవి దాటి తూర్పుకు పోతే, రెండు పక్కలా బూడిదరంగు నాచు కప్పుకున్న లావా గుట్టలు. మెత్తటి పరుపుల్లా ఉంటాయి. ఆ పరుపుల కింద ఉన్న కథ మాత్రం మెత్తనిది కాదు.

1783 జూన్ 8న లాకి అనే చోట సుమారు 25 కిలోమీటర్ల పొడవున భూమి చీలి, ఎనిమిది నెలలపాటు లావా పారింది. లావాకంటె దానివెంట వచ్చిన విషవాయువు ఎక్కువ చంపింది. గడ్డి విషమైంది, పశువులు చచ్చాయి, తరవాత కరువు వచ్చింది. దేశంలో ప్రతి ఐదుగురిలో ఒకరు పోయారు. లావా తన ఊరివైపు వస్తూంటే యోన్ స్టెయిన్‌గ్రిమ్సన్ అనే పాదిరీ జులై 20న, ఇదే ఆఖరి ప్రార్థన కావచ్చునని, జనాన్ని చర్చిలో కూర్చోబెట్టి ప్రార్థన చేశాడు. వాళ్ళు బయటకు వచ్చి చూసేసరికి లావా చర్చిదాకా రాకుండా ఆగిపోయి ఉన్నది.

జనం ఈ కథనే ఎక్కువ చెప్పుకుంటారు. నాకు నచ్చినది ఆ తరవాతి సంగతి. బాధితులకోసం వచ్చిన డబ్బు సీలువేసిన పెట్టెలో ఆయన చేతికిచ్చి అధికారికి అందజేయమన్నారు. దారిలో ఆకలితో ఉన్నవాళ్ళు ఎదురైతే ఆయన సీలు తీసి కొంత పంచిపెట్టాడు. పైవాళ్ళు ఆయనకు జరిమానా వేశారు. లావా ఆగడం దేవుడి దయ అనుకుందాం. పెట్టె తెరవడం మాత్రం మనిషి చేసిన పని. రెండోది లేకపోతే మొదటిదానివల్ల ఆ పేదలకు ఏం ఒరిగేది?

ఇంకా తూర్పున స్కెయిదరార్ ఇసుకమైదానం. 1996 సెప్టెంబరు ఆఖరున పెద్ద మంచు మేట కింద అగ్నిపర్వతం పేలింది. కరిగిన నీరు నెలకు పైగా మంచు కింద దాగి, నవంబరు 5న ఒక్కసారిగా బయటపడింది. సెకనుకు 45 వేల ఘనపు మీటర్లు, అంటే క్యూసెక్కుల లెక్కలో 15 లక్షలకు పైమాటే. వంతెనలు కొట్టుకుపోయాయి. మెలితిరిగిన ఇనుప దూలాలను రోడ్డు పక్కన అట్లాగే ఉంచారు. వాటిని చేత్తో తడిమి చూశాను. ఇంత జరిగినా ఒక్క ప్రాణం పోలేదు. నెలరోజులుగా శాస్త్రజ్ఞులు కనిపెట్టి ఉన్నారు, రోడ్డు ముందే మూసివేశారు.

రోడ్డు మూయడమంటే ఏమిటో నాకూ ఒకరోజు తెలిసింది. తూర్పు తీరంలో గాలి లేచింది. అక్కడి గాలి నిలిపి ఉన్న కారు తలుపును ఊడబీకగలదు, ఇసుక విసిరి అద్దాన్ని గరుకు చేయగలదు. నేను దిగిన ఇంటి యజమానురాలు రోడ్ల సమాచారం చూసి, "ఈవేళ దారి లేదు" అన్నది. అంతే, బతిమాలడాలు లేవు, "మా మరిది అక్కడ ఇంజనీరండీ" అనడాలు లేవు. గదిలో ఉన్న అయిదుగురం ఆవిడ కాచిన సూపు తాగుతూ సాయంత్రందాకా కూర్చున్నాం. ఒకరి భాష ఒకరికి సగమే తెలుసు. ఆ సగంతోనే బోలెడు మాట్లాడుకున్నాం.

ఆ దేశంలో ఆపదలో ఉన్నవారిని వెతికేది జీతగాళ్ళు కారు, స్వచ్ఛంద దళాలు. బడిపంతులు, జాలరి, వడ్రంగి పిలుపు వస్తే పని వదిలి మంచులోకి పోతారు. వాళ్ళ ఖర్చులో పెద్ద భాగం కొత్త సంవత్సరానికి బాణసంచా అమ్మి సంపాదించుకుంటారు. ఎక్కడికి పోతున్నామో, ఎప్పటికి తిరిగి వస్తామో వారికి ముందే తెలియజేసే ఏర్పాటున్నది. నేనూ తెలియజేశాను. నా రాకపోకలను కనిపెట్టి ఉండే మనుషులున్నారు, వాళ్ళ పేర్లు మాత్రం నాకు తెలియవు. తోడంటే పక్క సీట్లో కూర్చున్నవాడేనా?

అయితే ఒంటరితనానికి విలువ లేదనుకోకండి. ఉత్తరాన గోదాఫోస్ ఉన్నది, దేవతల జలపాతం. క్రీ.శ. 1000 ప్రాంతంలో పాతమతమా, క్రైస్తవమా అని దేశం రెండుగా చీలబోయింది. తీర్పు థోర్గెయిర్ అనే పెద్దకు అప్పగించారు. ఆయన ఒక పగలూ ఒక రాత్రీ ముసుగు కప్పుకుని ఒంటరిగా పడుకుని ఆలోచించాడు. తాను పాతమతంవాడై ఉండికూడా, కలహం రాకుండా, అందరికీ కొత్త మతమే చట్టమన్నాడు. తరవాత తన దేవతా విగ్రహాలను ఆ జలపాతంలోనే వదిలాడని ఐతిహ్యం. ఎవరి పక్షం గెలిచిందన్నది నాకు ముఖ్యం కాదు. పదిమందికోసం తీర్పు చెప్పవలసినవాడు ముందు ఒంటరిగా కూర్చున్నాడు. నలుగురిలో ఉంటే మన మాట మనకే వినపడదు. ఒంటరిగా తిరగడంలోని లాభం అదొక్కటే, కాని అది చిన్న లాభం కాదు.

ఇక వెళ్ళదలచినవారికి రెండు ముక్కలు. రోడ్డు వదిలి బండి నడపడం అక్కడ నేరం. లావా మీది నాచు ఒక్కసారి చక్రం కింద నలిగితే మళ్ళీ మొలవడానికి దశాబ్దాలు పడుతుంది. మనం ఒక్కరమే పోయినా మన వెనక వచ్చేవారు వేలమంది. వారికోసం నాచును నాచుగా, నీటిని నీటిగా వదలిపెట్టి రావాలి. రెండోది, వెళ్ళేచోటు, వచ్చేరోజు ఇంట్లో చెప్పి మరీ బయలుదేరండి. మామ్మగారికి కూడా చెప్పండి. బుగ్గలు నొక్కుకుంటే నొక్కుకున్నారు గాని, నేను ఊళ్ళో లేని పదిరోజులూ నా క్షేమసమాచారం రోజూ విచారించింది ఆవిడేనట.