కొంటారు సరే, ఏ ధరకు?

మిచౌంగ్ తుపానుకు తడిసిన ధాన్యమైనా, రంగు మారిన ధాన్యమైనా కొంటామని 2023 డిసెంబరు 8న బాపట్ల జిల్లాకు వచ్చిన అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి రైతులకు హామీ ఇచ్చారు. ఏ ధరకు కొంటారో మాత్రం తేల్చి చెప్పలేదు. నిజాంపట్నం మండలం అడవులదీవిలో నీళ్లలోంచి పనలు ఏరుకుంటున్న కుటుంబానికి ధర లేని ఈ హామీతో ఒరిగిందేమీ లేదు. పైగా ఇది నష్టం చేసే హామీ. సర్కారే కొంటుందన్న మాట నమ్మి రైతు ధాన్యాన్ని మిల్లు దాకా పంపుతాడు. లారీ అక్కడికి చేరాక ఇచ్చినంత పుచ్చుకోవడం తప్ప అతనికి దారి ఉండదు.

అడవులదీవి కృష్ణా పశ్చిమ డెల్టాకు చిట్టచివర, సముద్రానికి దగ్గరలో ఉన్న ఊరు. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీరు ఎగువ పొలాలన్నీ తడిపి మిగిలితేనే ఇక్కడికి వస్తుంది. 2023 ఆగస్టు అంత పొడి ఆగస్టును దేశం 1901 నుంచి అప్పటిదాకా చూడలేదు. శ్రీశైలం, సాగర్ జలాశయాలు నిండలేదు. శివారు రైతులు డీజిల్ కొని, ఆయిల్ ఇంజన్లతో నీళ్లు తోడి చేను నిలబెట్టుకున్నారు. నీళ్లు చాలక ఆలస్యంగా నాటిన చేను ఆలస్యంగానే కోతకొస్తుంది, అంటే సరిగ్గా తుపాన్ల రోజుల్లో. డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటేసరికి కొందరి వరి పనల మీద ఉంది, కొందరిది కుప్పల్లో ఉంది, మిగతాది కోతకు సిద్ధంగా నిలబడి ఉంది. బాపట్లలోనే పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204 వరి రకానికి అన్నంలో ఎంత పేరో, గాలికి పడిపోవడంలోనూ అంతే పేరు. పడిపోయి నీళ్లు నిలిచిన చేనులో టైర్ల కోత మిషన్ దిగదు. చైన్ మిషన్‌కు గంటకు ఎంతడిగితే అంత ఇచ్చుకోవాలి. ఇంటిల్లిపాదీ మోకాలి లోతు నీళ్లలో దిగి పనలు గట్టుకు చేర్చి, తిరగేసి, నూర్చి, గింజల్ని పట్టాల మీద మళ్లీ ఆరబోశారు. ఈ చాకిరీ ఏ నష్టం అంచనాలోకీ ఎక్కదు. పంటకు నీళ్లు పెట్టడానికి డీజిల్ కొన్న రైతే పంటలోంచి నీళ్లు తోడటానికి మళ్లీ డీజిల్ కొన్నాడు.

ఇక ‘కొంటాం’ అన్న మాట సంగతి. 2023-24 సీజన్‌లో మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలు రూ.2,183, గ్రేడ్ ఏ రకానికి రూ.2,203. డెల్టాలో నడిచే 75 కిలోల బస్తా లెక్కన రూ.1,637, రూ.1,652. ఈ ధర దక్కాలంటే తేమ 17 శాతం దాటకూడదు. దెబ్బతిన్న, రంగు మారిన, మొలకెత్తిన, పురుగు పట్టిన గింజలన్నీ కలిపి 5 శాతం మించకూడదు. రోజుల తరబడి నీళ్లలో నానిన పనల్లో ఆ హద్దుకు లోబడే గింజ ఎంత? హద్దును అలాగే ఉంచి రంగు మారినదీ కొంటామనడం రైతును మభ్యపెట్టడమే.

ప్రభుత్వం ధాన్యాన్ని కొని దాచుకోదు, మిల్లుకు పంపుతుంది. క్వింటాలు ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం మిల్లరు తిరిగి అప్పగించాలి. అప్పటి నిబంధన ప్రకారం అందులో నూక 25 శాతం మించకూడదు. నానిన గింజ మర ఆడిస్తే విరిగి నూకవుతుంది, 67 కిలోలు రావు. తగ్గిన బియ్యం ఎవరి ఖాతాలో వేస్తారు? తాను భరిస్తానని ప్రభుత్వం కాగితం మీద పెట్టలేదు. మిల్లరు జేబులోంచి ఇవ్వడు. మిగిలింది రైతే. డెల్టాలో ‘తరుగు’ అనే దోపిడీ పుట్టేది ఇక్కడే. బస్తాకు అయిదు కిలోల తరుగు తీస్తే రైతుకు పోయేది రూ.109. ఎకరాకు 30 బస్తాలైతే రూ.3,275, అంటే ఏకంగా రెండు బస్తాలు. ఆ తరుగు ఏ రసీదులోనూ కనిపించదు. రికార్డుల్లో ధాన్యం మద్దతు ధరకే కొన్నట్టు ఉంటుంది, ముఖ్యమంత్రి మాట నిలబెట్టుకున్నట్టూ ఉంటుంది, రైతు ఇల్లు మాత్రం గుల్లవుతుంది. తుపానులో సగం పోగొట్టుకున్నవాడి దగ్గర మిగిలిన సగంలోంచి ఇలా కోసుకోవడం పాపం.

నిబంధనలు కేంద్రానివి, మా చేతుల్లో ఏముందని అధికారులు అన్నారు. నిబంధనలు కేంద్రానివే. కానీ 2023 ఏప్రిల్‌లో అకాల వానలకు గోధుమ పంట దెబ్బతిన్నప్పుడు అదే కేంద్రం ఏం చేసింది? ముడుచుకున్న, విరిగిన గింజల హద్దును 6 శాతం నుంచి 18 శాతానికి పెంచింది. అలాంటి గింజలకు కోసే మొత్తం ఎంతో ముందే ప్రకటించింది. అది క్వింటాలుకు గరిష్ఠంగా రూ.31.86. ఆ కోతను కూడా తామే భరిస్తామని పంజాబ్, హర్యానా ప్రభుత్వాలు ముందుకొచ్చాయి. అక్కడ మండీకి బండి కట్టేముందే రైతుకు తన గోధుమల ధర తెలుసు. గోధుమ రైతుకు చేయగలిగింది వరి రైతుకు ఎందుకు చేయరు? ఇక్కడ అయిదు కిలోల తరుగుతో క్వింటాలుకు పోయేది రూ.145 పైమాటే, అదీ ఎవరూ ప్రకటించకుండా.

రైతు భరోసా కేంద్రంలో అమ్మితే మిల్లరుతో పనే లేదన్నది ప్రభుత్వం అప్పుడు చెప్పుకున్న మరో గొప్ప. భరోసా కేంద్రంలో తేమ చూసి సరేనన్న ధాన్యాన్ని మిల్లు గేటు దగ్గర మళ్లీ కొలిచే హక్కు ఎవరిచ్చారు? తేడా ఉంది, లారీ వెనక్కి తీసుకెళ్లమని ఫోన్ వచ్చేది రైతుకే కదా!

 

వీటన్నిటి కింద నలిగేది కౌలు రైతు. 2019 చట్టం ప్రకారం భూ యజమాని సంతకం పెడితేనే సాగు హక్కు పత్రం వచ్చేది. సంతకం పెట్టని యజమానులకు కొదవలేదు. పత్రం లేకపోతే ధాన్యం డబ్బు దగ్గర్నుంచి నష్టపరిహారం దాకా ప్రతిదానికీ యజమాని దయ మీద ఆధారపడాలి. కౌలు బస్తాలు మాత్రం తుపానుతో సంబంధం లేకుండా కొలవాలి.

రంగు మారిన గింజల హద్దు ఎంతకు పెంచుతున్నారో, ఎంత శాతానికి ఎంత ధరో, ఆ తేడాను ఖజానా ఎలా భరిస్తుందో ప్రభుత్వం ఆ వారమే ఉత్తర్వు ఇవ్వాల్సింది. తడిసిన ధాన్యానికి మిల్లరు ఇవ్వాల్సిన బియ్యం ఎంతో అందులోనే తేల్చాల్సింది. పచ్చి బియ్యానికి పనికిరాని ధాన్యాన్ని గోదావరి జిల్లాల ఉప్పుడు బియ్యం మిల్లులకు సొంత ఖర్చుతో తరలించాల్సింది. మిల్లు గేటు దగ్గర రెండో కొలత ఉండకూడదు. పండించినవాడి ఖాతాలోనే డబ్బు పడాలి. అప్పటికే మాగాణుల్లో మినుము చల్లే అదను దాటిపోతోంది. ఆ విత్తనానికి, దుక్కికి కావలసిన డబ్బు పట్టాల మీద ఆరుతున్న ఆ ధాన్యంలోనే ఉండిపోయింది.