పేరుకు కాపలా, పర్సుకు చిల్లు

లోకులు పలుగాకులన్నారు పెద్దలు. ఆ కాకులు ఇదివరకు నూతి చప్టా మీదా, చెరువు గట్టు మీదా, పెళ్ళివారింట రెండో పంక్తి దగ్గరా అరిచేవి. ఇప్పుడు ఫోన్లలో అరుస్తున్నాయి. అంతే తేడా! కాకులూ అవే, అరుపులూ అవే. కానీ ఆ అరుపుల్ని అడ్డం పెట్టుకుని ఓ కొత్త వ్యాపారం బయల్దేరింది. "అమ్మా, మీ వ్యాపారం గురించి ఇంటర్నెట్టులో ఎవరేమంటున్నారో రాత్రింబవళ్ళూ మేం కనిపెట్టి ఉంటాం, నెలకింత ఇచ్చుకోండి చాలు" అంటారు. ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్ముకునే ఇల్లాలికీ, బ్యూటీ పార్లరు తెరిచిన అమ్మాయికీ, నాలుగు కుట్టుమిషన్లు వేసుకుని జాకెట్లు కుట్టించే వదినగారికీ ఇదే పాట. వాళ్ళు అమ్ముతున్నది కాపలా కాదు, భయం. ఆ భయాన్ని డబ్బిచ్చి కొనుక్కోవద్దని చెప్పటానికే ఈ నాలుగు మాటలూ.

ముందు ఆ కాపలా ఏమిటో చూద్దాం. గూగుల్ వారి 'అలర్ట్స్' అనే సదుపాయం 2003 నుంచీ ఉంది. మీ కొట్టు పేరో, మీ సరుకు పేరో అక్కడ ఒక గడిలో రాస్తారు. ఆ మాటలున్న కొత్త పేజీ ఏదైనా గూగుల్ వెతుకులాటకు దొరికితే మీకో ఈమెయిలు వస్తుంది. దొరికిన వెంటనే కావాలా, రోజుకోసారా, వారానికోసారా అన్నది మీ ఇష్టం. పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెడితే ఆ మాటలే, అదే వరసలో వెతుకుతుంది. అక్కర్లేని మాట ముందు మైనస్ గుర్తు పెడితే దాన్ని వదిలేస్తుంది. పొయ్యి మీద పులుసు మరిగేలోగా ఈ ఏర్పాటంతా అయిపోతుంది. ఇంట్లో కాలేజీ పిల్ల ఉంటే ఇంకా తొందరగా అవుతుంది. మరి ఖర్చో? దమ్మిడీ లేదు!

ఉచితంగా దొరికే నీళ్ళను సీసాలో పోసి అమ్మినట్టు, దీన్ని రంగుల కాగితంలో చుట్టి నెలవారీ చందాకి అమ్మేవాళ్ళని ఏమనాలి? పెద్ద కంపెనీల మాట వేరు. పూర్వం వాళ్ళు గుమాస్తాలను పెట్టి పేపర్లు కత్తిరించి అంటించేవాళ్ళు. ఇవాళ రోజుకి వేలమంది వాళ్ళ గురించి రాస్తారు, అన్నీ చదవటం మనిషి తరం కాదు. వాళ్ళు డబ్బు పోసి యంత్రాలను పెట్టుకుంటే అందులో అర్థముంది. నర్సీపట్నం అబీద్ సెంటరు చుట్టుపక్కల ఓ చిన్న కొట్టు నడుపుకునే మనిషి గురించి రోజుకి ఎంతమంది రాస్తారండీ? నెలకి నలుగురు రాస్తే గొప్ప. ఆ నలుగురి మాటలూ చదవటానికి జీతగాడెందుకు?

పోనీ, ఈ కాపలావాడికి చెవులైనా బాగా వినిపిస్తాయా అంటే, అదీ లేదు. మన ఊరి పేరే తీసుకోండి. ఇంగ్లీషులో ఒకరు 'నర్సీ' అని రాస్తారు, ఒకరు మధ్యలో 'ఏ' చేర్చి 'నరసీ' చేస్తారు. ఇంకొకరు 'పట్నం' బదులు 'పట్టణం' అంటారు. తెలుగులో రాసేవాళ్ళు తెలుగులో రాస్తారు. మనం చెప్పిన స్పెల్లింగు ఒకటైతే, రాసినవాళ్ళ స్పెల్లింగు ఇంకొకటి. కాపలావాడు గేటు దగ్గర నిలబడి ఉంటాడు, మనిషి గోడ దూకి పోతుంది!

దగ్గర్లోనే ఉన్న ఏటికొప్పాక సంగతి చూడండి. ఆ లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020 ఆగస్టు 30న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో వాటిని మెచ్చుకున్నారు. సహజమైన రంగులతో ఆ కళను నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఇంత పేరున్న ఊరిని కూడా ఇంగ్లీషులో కొందరు 'ఈ'తో మొదలుపెడతారు, కొందరు 'వై'తో మొదలుపెడతారు. రెండు స్పెల్లింగులూ, పక్కన తెలుగు పేరూ విడివిడిగా అప్పగిస్తే తప్ప కాపలా నమ్మకంగా సాగదు. దేశమంతా ఎరిగిన బొమ్మకే ఇంత తిప్పలైతే మన పచ్చడి సీసా ఎంత?

అన్నిటికన్నా పెద్ద లోటు ఇంకోటుంది. ఆడవాళ్ళం అసలు మాట ఎక్కడ చెప్పుకుంటాం? అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో, బళ్ళో పిల్లల తల్లుల గ్రూపులో, శ్రావణ శుక్రవారం పేరంటంలో. "ఆవిడ దగ్గర ఈసారి ఆవకాయలో నూనె బాగాలేదొదినా" అన్న మాట వాట్సాప్‌లో ఊరు చుట్టి వస్తుంది. అలర్టుకి మాత్రం ఆ గడప లోపలికి ప్రవేశం లేదు. ఉండకూడదు కూడా! మనం నలుగురం చెప్పుకునే కబుర్లు ఏ కంపెనీ అయినా వింటానంటే ఊరుకుంటామా? కనక "మీ గురించి ఎవరేమన్నా మాకు తెలిసిపోతుంది" అన్నవాడు అబద్ధమైనా చెబుతూ ఉండాలి, లేదా చెయ్యకూడని పనైనా చేస్తూ ఉండాలి.

"అయితే ఈ గొడవే మాకొద్దు. మా సరుకే మా గురించి చెబుతుంది" అనే వాళ్ళున్నారు. ఆ మాట వినటానికి బాగుంటుంది గానీ, నాకు రుచించదు. చలికాలం వచ్చిందంటే లంబసింగి మంచు చూడటానికి ఎక్కడెక్కడివాళ్ళో మన ఊరి మీదుగా పోతారు. వాళ్ళకి మన సరుకు తెలియదు, మన మొహం తెలియదు. టిఫిను ఎక్కడ బాగుంటుందో ఫోనునే అడుగుతారు. ఆ ఫోనులో మీ హోటలు మూసేశారని ఎవరో పొరపాటున పెట్టారనుకోండి, పాత ఫోను నంబరు ఉందనుకోండి, మీ పేరే పెట్టుకుని ఇంకెవరో కల్తీ సరుకు అమ్ముతున్నారనుకోండి. మీకు తెలిసేదాకా మీ గల్లాపెట్టె బోసిపోతూనే ఉంటుంది, ఎందుకో అర్థం కాదు. అందుకే ఉచితంగా వచ్చే అలర్టు పెట్టుకోండి. దాంతోపాటు గూగుల్ మ్యాపులో మీ కొట్టును మీ పేరన నమోదు చేసుకోండి. అదీ ఉచితమే. ఎవరైనా సమీక్ష రాస్తే మీకు కబురందుతుంది. దానికి మీరు జవాబు రాయొచ్చు, తప్పుగా ఉన్న వేళలూ నంబరూ దిద్దుకోవచ్చు. నేను వద్దంటున్నది కనిపెట్టి ఉండటాన్ని కాదు, దాని పేరు చెప్పి సాగే దోపిడీని.

ఎందుకంటే కాపలా మొదటి మెట్టు మాత్రమే. రెండో మెట్టు ఉంది చూశారూ, అక్కడుంది అసలు కథ. ఎవరో "పచ్చడిలో ఉప్పెక్కువైంది" అని రాస్తారు. వెంటనే కాపలావారు పరిగెత్తుకొస్తారు. "అయ్యో, మీ పేరు పాడైపోతోంది! మేం యాభైమంది చేత ఐదేసి చుక్కలు వేయిస్తాం, ఆ మాట అడుక్కి పోతుంది" అంటారు. అంటే ఉప్పెక్కువైన పచ్చడి అలాగే ఉంటుంది, ఉప్పెక్కువైందన్న మనిషిని మాత్రం కనిపించకుండా చేస్తారన్నమాట! ఇది మోసమని నేననటమే కాదు. ఆన్‌లైన్ సమీక్షల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐ.ఎస్. 19000 అని ఓ ప్రమాణమే తెచ్చింది. డబ్బిచ్చి రాయించిన సమీక్షలు కూడదని అది చెబుతుంది. పాటించటం స్వచ్ఛందమే గానీ, మంచీ చెడూ తెలియటానికి చట్టం లాఠీ పట్టుకునే రావాలా?

ఒక్కటి ఆలోచించండి. కొట్టు దగ్గర మనం అమ్మేవాళ్ళం. కొట్టు దిగితే మనమూ కొనేవాళ్ళమే. పిల్లాడికి జ్వరమొస్తే ఏ డాక్టరు మంచివాడా అని చుక్కలే చూస్తాం. అమ్మాయి హాస్టలు వెతికేటప్పుడూ చుక్కలే చూస్తాం. ఇవాళ మన పచ్చడికి మనం దొంగ చుక్కలు కొంటే, రేపు ఆ హాస్టలు వాడు కొన్న దొంగ చుక్కల్ని నిలదీసే నోరు మనకెక్కడిది? కొలతకుంచం అడుగు ఒకళ్ళు కోస్తే మోసపోయేది ఊరంతా.

ఇక నిజమైన ఫిర్యాదు వచ్చిందా, దానంత చవకైన సలహా ఇంకోటి లేదు. నచ్చనివాళ్ళలో చాలామంది నోరు మెదపకుండా ఇంకో కొట్టుకి పోతారు. రాసినవాళ్ళు మనల్ని దిద్దటానికి ఓ పదినిమిషాలు ఖర్చుపెట్టారు. "ఉప్పు ఎక్కువైన మాట నిజమేనమ్మా, ఈ విడతలో తగ్గించాం, ఈసారి వచ్చినప్పుడు రుచి చూడండి" అని తెలుగులో రెండు ముక్కలు మీరే రాయండి. మీరే రాయాలి సుమా! జీతగాడు రాసే "మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు" చదివి ఎవరి మనసూ కరగదు. ఎవరైనా పనిగట్టుకుని అబద్ధం రాస్తే, గూగుల్‌కి ఫిర్యాదు చేసే దారీ అక్కడే ఉంది. నచ్చలేదన్న కారణానికి మాత్రం తీసెయ్యరు, అది సబబే.

కాబట్టి సోదరీమణులారా, వారానికోసారి వచ్చేట్టు అలర్టు పెట్టుకోండి. గడియకోసారి ఫోను చూసుకుని గుండె దడ తెచ్చుకోవద్దు. ఆ దడే వాళ్ళకి పెట్టుబడి. నెలనెలా కాపలావాడికి పోసే డబ్బు మంచి నువ్వులనూనెకి పొయ్యండి. అప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో పిన్నిగార్లూ అక్కయ్యలూ మీ గురించి ఏమనుకుంటారో ఏ యంత్రమూ మీకు చెప్పలేదు. పండక్కి వచ్చే ఆర్డర్లే చెబుతాయి.