ప్రీప్రింట్లు: తనిఖీకి ముందే ప్రచారం.. వెనక్కి తీసుకున్నా ఆగదు!

‘తాజా అధ్యయనంలో తేలింది..’ ఆరోగ్య వార్తల్లో తరచూ కనిపించే మాట ఇది. మరి ఆ అధ్యయనాన్ని ఇతర నిపుణులు పరిశీలించారా? అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

ప్రీప్రింట్ అంటే ఏంటి?

పరిశోధకులు జర్నల్‌కు పంపిన పేపర్‌ను అదే రంగంలోని నిపుణులు తనిఖీ చేస్తారు. ఇందుకు నెలలు పట్టొచ్చు. ఈ తనిఖీ పూర్తికాకముందే పేపర్‌ను ఆన్‌లైన్‌లో అందరికీ అందుబాటులో పెడితే అదే ప్రీప్రింట్. వైద్య పరిశోధనల కోసం 2019 జూన్‌లో మెడ్‌ఆర్కైవ్ మొదలైంది. కొన్ని నెలలకే కరోనా రావడంతో ప్రీప్రింట్లు వార్తల్లోకెక్కాయి.

వీటితో మేలు లేదా అంటే ఉంది. వెంటిలేటర్‌పై ఉన్న కరోనా రోగుల్లో డెక్సామెథాసోన్ మరణాలను దాదాపు మూడో వంతు తగ్గిస్తుందని బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్ తేల్చింది. ఆ పూర్తి వివరాలు 2020 జూన్ 22న ప్రీప్రింట్‌గా వచ్చాయి. జర్నల్‌లో వచ్చింది మాత్రం జులై 17న. ఐసీయూలు నిండిపోయిన రోజుల్లో ఆ 25 రోజులు చిన్న విషయం కాదు.

49 శాతం ఎక్కువ గుర్తింపు

2019లో ఈలైఫ్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, ముందుగా బయోఆర్కైవ్‌లో ప్రీప్రింట్‌గా వచ్చిన పేపర్లకు వార్తలు, సోషల్ మీడియాలో ప్రస్తావనలను లెక్కించే స్కోరు 49 శాతం ఎక్కువగా ఉంది. ఇతర పరిశోధకులు ఉదహరించడం, అంటే సైటేషన్లు 36 శాతం ఎక్కువ. అయితే ఇదంతా ప్రీప్రింట్ వల్లేనని చెప్పలేం. మంచి పేపర్లనే పరిశోధకులు ముందుగా పెడుతుండొచ్చు.

తప్పు జరిగితే?

తప్పుడు పేపర్‌కూ ఇదే ప్రచారం దక్కడం అసలు ప్రమాదం. కరోనా వైరస్‌లో హెచ్‌ఐవీని పోలిన భాగాలున్నాయంటూ ఢిల్లీ పరిశోధకులు 2020 జనవరి 31న ప్రీప్రింట్ పెట్టారు. విమర్శలు రావడంతో ఫిబ్రవరి 2న వెనక్కి తీసుకున్నారు. అప్పటికే అది వైరస్‌ను ల్యాబ్‌లో తయారు చేశారనే ప్రచారానికి ఆయుధమైపోయింది.

ఐవర్‌మెక్టిన్ అద్భుతంగా పనిచేస్తోందన్న ఈజిప్టు ప్రీప్రింట్ 2020 నవంబర్‌లో వచ్చింది. డేటాపై అనుమానాలతో 2021 జులైలో దాన్ని తొలగించారు. ఈలోగా పలు అధ్యయనాలను కలిపి చేసే విశ్లేషణల్లో ఆ లెక్కలు చేరిపోయాయి. పేపర్ పోయినా దాని అంకెలు మిగిలాయి.

చికిత్సకు వీటిని ఆధారం చేసుకోవద్దని, తేలిపోయిన నిజాలుగా మీడియాలో రాయొద్దని మెడ్‌ఆర్కైవ్ స్వయంగా హెచ్చరిస్తోంది. కాబట్టి ఎన్ని షేర్లు, ఎన్ని సైటేషన్లు అన్నది నిజానికి కొలమానం కాదు. వార్త చూసి మందు మార్చే ముందు ఆ పేపర్ జర్నల్‌లో వచ్చిందో లేదో చూడాలి, డాక్టర్‌ను అడగాలి.