పల్లె అందానికీ కూలి కట్టాలి

ఇంగ్లండ్‌కు తూర్పున, సముద్రం ఒడ్డున నార్ఫోక్ అనే జిల్లా ఉంది. గోధుమ, బార్లీ, చక్కెర దుంప పండే పల్లెసీమ. సెలవు దొరికితే పట్నాల వాళ్లు పిల్లాపాపలతో అక్కడికి వస్తారు. పడవల్లో తిరుగుతారు, పక్షుల్ని చూస్తారు, పాతకాలపు మేడలు చూసి సాయంత్రానికి ఇళ్లకు పోతారు. ప్రకృతి ఎంత బాగుందో అనుకుంటారు. కానీ పాఠకులారా, అది ఒట్టి ప్రకృతి కాదు. అందులో సగం రైతు చేతి పని. ఆ పనికి కూలి కట్టకపోతే రేపు చూడటానికి ఏమీ మిగలదు.

అక్కడ 'బ్రాడ్స్' అని లోతు తక్కువ చెరువులు ఉన్నాయి. దేవుడిచ్చినవే అని చాలాకాలం అనుకున్నారు. 1950లలో జాయిస్ లాంబర్ట్ అనే వృక్షశాస్త్రవేత్త, ఆమె తోటివారు మట్టిని లోతు దాకా తీసి పరీక్షించారు. చెరువుల ఒడ్లు గోడల్లా నిట్టనిలువుగా ఉన్నాయని తేలింది. పొయ్యిలోకి పనికొచ్చే పీటు అనే నల్లమట్టి కోసం వందల ఏళ్ల కిందట జనం తవ్విన గోతులవి. తర్వాత నీళ్లు ఎక్కి చెరువులయ్యాయి.

ఆ చెరువుల చుట్టూ పెరిగేది కిక్కిస. మన కొల్లేరు కిక్కిసకు దగ్గర జాతే. చలికాలంలో దాన్ని కోసి ఇళ్ల పైకప్పులకు వాడతారు. కోత ఆగితే చెత్త మేట వేస్తుంది, పొదలు లేస్తాయి, నేల ఆరిపోతుంది. బిట్టర్న్ అనే కొంగజాతి పక్షి ఆ తడి కిక్కిసలోనే గూడు పెడుతుంది. 1997లో బ్రిటన్ మొత్తం మీద కూత పెట్టే మగ బిట్టర్న్‌లు 11 మాత్రమే లెక్కకు వచ్చాయి. తర్వాత కిక్కిస మడుల్ని బాగుచేస్తే వాటి సంఖ్య మళ్లీ పెరిగింది. అంటే కొడవలి పట్టినవాడే పక్షిని కాపాడినట్టు.

ఇక హాల్వర్‌గేట్ సంగతి ప్రతి రైతూ తెలుసుకోవాలి. అది పశువులు మేసే పల్లపు బీడు. 1980లలో ధాన్యానికి మంచి మద్దతు ధర ఉంది. నీళ్లు తోడేసి, బీడు దున్ని గోధుమ వేద్దామని కొందరు రైతులు సిద్ధమయ్యారు. పక్షుల ప్రేమికులు గగ్గోలు పెట్టారు. రైతును తిట్టి లాభం ఏముంది? గోధుమలో నాలుగు డబ్బులు కనిపిస్తుంటే బీడు ఎందుకు ఉంచుతాడు? చివరికి 1985లో ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. దున్నకుండా పశువుల్ని మేపితే ఎకరాకు ఏడాదికి 50 పౌండ్లు ఇస్తామంది. రైతులు ఒప్పుకున్నారు, బీడు నిలిచింది. 1987 నుంచి అదే పద్ధతిని ఇతర ప్రాంతాలకూ విస్తరించారు. కేసులతో, తిట్లతో కాని పని న్యాయమైన కూలితో అయింది.

హోల్కమ్ మేడ చూసేవాళ్లు గోడల మీది బొమ్మలు చూసి మురిసిపోతారు. ఆ వైభవం వచ్చింది చుట్టుపక్కల కౌలు పొలాల నుంచే. గోధుమ, టర్నిప్, బార్లీ, క్లోవర్ అంటూ నాలుగేళ్ల పంట మార్పిడికి ఈ జిల్లాదే పేరు. టర్నిప్ గొర్రెలు మేసేవి, వాటి ఎరువు పొలంలో పడేది. క్లోవర్ మన పిల్లిపెసరలాగా నేలకు నత్రజని ఇచ్చేది.

ఇప్పుడు ఆ కూలికే ఎసరు వచ్చింది. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటపడ్డాక, ఎకరాల లెక్కన రైతుకిచ్చే సాయాన్ని ఇంగ్లండ్‌లో 2021 నుంచి తగ్గిస్తూ వచ్చారు. నేలను, పక్షుల్ని కాపాడే పనికి కొత్త పథకంలో డబ్బిస్తామన్నారు. మాట మంచిదే. కానీ 2025 మార్చిలో ఆ పథకానికి కొత్త దరఖాస్తులు ఉన్నట్టుండి ఆపేశారు. కంచె మొక్కలు పెట్టినవాడు, బీడు వదిలినవాడు ఏడాది మధ్యలో ఏం చేయాలి? పశువు మేత, కిక్కిస కోత సర్కారు బడ్జెట్ కోసం ఆగవు కదా.

పన్ను కట్టేవాడు ఎందుకివ్వాలని అడిగేవాళ్లున్నారు. పడవ అద్దె పడవ వాడికి పోతుంది, గది అద్దె హోటలుకు పోతుంది. ఇద్దరూ అమ్ముకునేది రైతు నిలబెట్టిన అందాన్నే. అందులో రైతుకు వాటా అడగటం దానం అడగటం కాదు.

మన ఉప్పలపాడు చెరువులో, తేలినీలాపురం చెట్ల మీద పక్షులు నిలిచాయంటే ఊరివాళ్లు వాటిని కాచుకున్నందుకే. రేపు మీ ఊరి చెరువును చూపించి టికెట్ పెడతామని ఎవరైనా వస్తే సంతోషించండి. సంతకం పెట్టేముందు మాత్రం ఒక్క మాట అడగండి: గుర్రపుడెక్క తీసేవాడికి, గట్టు వేసేవాడికి ఏటా ఎంత ఇస్తారు? ఎన్నేళ్లపాటు ఇస్తారు? జవాబు కాగితం మీద రాయించుకోండి.