అట్ట వెనక పేర్లు

మా బేతంచెర్లలో బండలకు కొదవ లేదు. నాపరాయి కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలున్న ఊరు మరి! పాట ప్లేట్లకు మాత్రం ఇంతకు మించిన శత్రువు లేదు. రాతిపొడి గాల్లో తేలివచ్చి ప్లేటు గాడిలో కూర్చుందంటే ముల్లు కరకరలాడుతుంది. ఏప్రిల్ ఎండకు ప్లేటు అప్పడంలా వంకర తిరుగుతుంది. ఒక్క మేలుంది లెండి, కోస్తాలోలా అట్టలకు బూజు పట్టదు.

అలాంటి చోట నలభై చిల్లర రాక్ లాంగ్‌ప్లేలు సాకుతున్నాను. చాలావరకు హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్లో పాత సామాన్ల మధ్య దొరికినవే. కిటికీకి దూరంగా, చల్లటి బండ మీద నిలబెట్టి ఉంచుతాను. దొంతర పేరిస్తే కిందివి బరువుకు చెడతాయి. "ఈ ఇంగ్లీషు గోల నీకేమర్థమైతాదన్నా?" అంటాడు పక్కింటి కుర్రాడు. మన సినిమా పాటలో గిటార్ మోగితే మాత్రం వాడి కాళ్లు ఆగవు!

నిజం చెప్పొద్దూ, నేను పాట కంటే ముందు అట్ట చదువుతాను. పింక్ ఫ్లాయిడ్ వారి 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' (1973) చూడండి. శాక్సొఫోన్ డిక్ ప్యారీ, ఇంజనీరు అలన్ పార్సన్స్ అని పేరు పేరునా అచ్చేశారు. అందులో ఒక పాటకు మాటలే లేవు. ఓ ఆడగొంతు ఏడుస్తుంది, అరుస్తుంది, అలసి ఊరుకుంటుంది. ఆమె క్లేర్ టోరీ. 1973 జనవరిలో ఓ ఆదివారం లండన్ ఆబీ రోడ్ స్టూడియోకొచ్చి, 30 పౌన్లు పుచ్చుకుని పాడి వెళ్లింది. పాడినట్టు పేరు వేశారు గానీ, ఆ వరస కట్టడంలో ఆమెకు వాటా ఉందనలేదు. 2004లో కోర్టుకెక్కింది. 2005లో రాజీ కుదిరాక రిచర్డ్ రైట్ పక్కన ఆమె పేరూ చేరింది. ముప్ఫై రెండేళ్లు పట్టింది బాబూ!

ఇప్పుడు మన 'వేటగాడు' (1979) అట్ట తిప్పండి. సంగీతం చక్రవర్తి, రచన వేటూరి, గానం బాలు, సుశీల. భేష్. మరి ఆ వానపాటకు హాల్లో ఈలలు వేయించిన తాళం ఎవరి చేతిది? అట్ట నోరు మెదపదు.

అంతెందుకు? రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ అనే కుర్రాణ్ణి అప్పట్లో ఎందరు పట్టించుకున్నారు? 1992లో 'రోజా' వచ్చి ఏ.ఆర్. రెహమాన్ అని దేశమంతా మోగాకే కదా వెనక్కి తిరిగి వెతుక్కున్నాం! ఇళయరాజా పాటల్లో డ్రమ్స్ వాయించిన పురుషోత్తమన్ పేరు అభిమానుల్లో ఎందరు చెప్పగలరు? 'దమ్ మారో దమ్' (1971) గిటార్ గాయకుడు భూపీందర్ సింగ్‌దంటే మా కుర్రాడు నమ్మనే లేదు.

చోటు చాలలేదంటారా? హీరోగారి భుజం పక్కన రెండు వరసలు చిన్నక్షరాల్లో వేస్తే ఏ అభిమానీ అలగడు. ఇప్పుడు ఫోన్లో వింటున్నామా, అట్ట కాస్తా గోరంత బొమ్మయి కూర్చుంది.

మద్రాసు స్టూడియోల్లో వయొలిన్, తబలా, గిటార్ వాయించిన పెద్దలు మీ వీధిలోనో, మీ బంధువుల్లోనో ఉంటే ఈ వారమే వెళ్లి అడగండి. పేరు, వాయిద్యం, సినిమా, పాట. నాకు రాసి పంపండి. 'వేటగాడు' అట్ట లోపల తెల్లకాగితం అంటించాను. పెన్సిల్ కూడా చెక్కి పెట్టాను.