చక్రం మూలుగుతోందా?

మంచం, వంటగది చక్రాలెక్కితే ఎలా ఉంటుంది? అచ్చం జర్మనీ ఫోక్స్‌వాగన్ క్యాంపర్‌లా! వెస్ట్‌ఫాలియా సంస్థ 1951 నుంచే ఈ ఇంటిబళ్లను తయారుచేసింది. 1970ల నాటివాటిని ముచ్చటగా తిప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అయితే, ముందు చక్రంలోంచి మూలుగు వినిపిస్తే మాత్రం అశ్రద్ధ కూడదు. అది బేరింగులు అరిగాయన్న హెచ్చరిక కావచ్చు. మరీ ముదిరితే చక్రమే ఊడిపోవచ్చు. వెనక సీట్లో పిల్లలుంటారన్నది మరవొద్దు.

విప్పేటప్పుడు ఓ తికమక. ఎడమ చక్రం నట్టుకు మర రివర్సు. కుడివైపు తిప్పితేనే ఊడుతుంది. స్పీడోమీటరు కేబులూ ఆ చక్రం ఇరుసులోంచే వస్తుంది కాబట్టి, ముందు దాన్ని విడదీయాలి. బేరింగులతోపాటు అవి కూర్చునే ఉక్కు వలయాలు, గ్రీజు సీళ్లు కూడా మార్చాల్సిందే. పాత వలయంలో కొత్త బేరింగు ఎక్కువకాలం నిలవదు. రోలర్ల సందుల్లోకి గ్రీజు బాగా కూరాలి.

అసలు పరీక్ష చివర్లో ఉంది. 'గట్టిగా బిగిస్తే భద్రం' అనుకుంటే మొదటికే మోసం! వేడెక్కి కొత్త బేరింగూ మాడిపోతుంది. చక్రాన్ని తిప్పుతూ నట్టు బిగించి, మళ్లీ కొద్దిగా వదలాలి. కింది వాషరును స్క్రూడ్రైవరు మొనతో నెడితే కాస్త కదలాలి. ఆ కాస్త వదులే చక్రానికి ప్రాణం.