గ్రీన్ కార్డు చుట్టపుచూపు కాదు



మునుపు ఎవరైనా పాస్టరు దగ్గరకు వచ్చి బాప్తిస్మపు పత్రం కావాలంటే పెండ్లి కుదిరిందనో, హాస్టలులో సీటు కోసమనో అనుకునేవాళ్లం. ఇప్పుడు డెబ్బై ఏండ్ల పెద్దలు వచ్చి, “అయ్యగారూ, మా అబ్బాయి పుట్టినప్పటి బాప్తిస్మం పుస్తకం ఉందా? అమెరికా కాగితాలకు కావాలంట” అని అడుగుతున్నారు. ఉద్యోగం ముగించి, బిడ్డలందరూ అక్కడ స్థిరపడగా ఇంట్లో ఇద్దరే మిగిలినవారు వీరు. బిడ్డలు రమ్మంటున్నారు. సంతోషించవలసిన సంగతే. అయితే అవి ఏ కాగితాలని అడిగితే, “ఏమో అయ్యగారూ, అన్నీ వాడే చూసుకుంటాడు. ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడుతున్నాం” అంటారు.

పొలం దస్తావేజు మీద ఇలా చదవకుండా సంతకం పెట్టే రైతు మన ఊళ్లలో ఒక్కడైనా ఉన్నాడా? అందుకని ఈ నెల ఈ కాగితాల గురించే వ్రాస్తున్నాను.

తలిదండ్రులు అమెరికా వెళ్లడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. మొదటిది విజిటరు వీసా. మనవాళ్లకు దీనిని సాధారణంగా 10 ఏండ్లకు ఇస్తారు. అంటే 10 ఏండ్లు అక్కడ ఉండమని కాదు. విమానం దిగినచోట అధికారి ఎంతవరకు అనుమతిస్తే అంతవరకే ఉండాలి. మామూలుగా అది 6 నెలలు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. మనం చూసుకోవలసింది ఆ తేదీనే గాని వీసా మీది తేదీని కాదు. గడువు దాటి 180 దినాలకు పైగా ఉండి తిరిగి వస్తే 3 ఏండ్లు, ఒక ఏడాది లేక అంతకు మించి ఉండి వస్తే 10 ఏండ్లు మళ్లీ రానివ్వరు. మనుమరాలి పుట్టినరోజు చూసి వెళ్దామని ఆగినా లెక్క అదే.

ఈ వీసాకు హైదరాబాదులోనే ఇంటర్వ్యూ జరుగుతుంది. అక్కడ కాన్సులేటు 2008లో వచ్చింది. అంతకుముందు మనవాళ్లు చెన్నై రైలు ఎక్కవలసి వచ్చేది. దరఖాస్తు పెట్టినవారు అక్కడే ఉండిపోదలచారని వారి చట్టం ముందుగానే అనుకుంటుంది. తిరిగి వస్తామని చూపే భారం మనదే. పొలం, ఇల్లు, పింఛను, ఇక్కడున్న మిగతా బిడ్డలు, వీటి గురించి అడిగితే ఉన్నది ఉన్నట్లు చెప్పాలి.

రెండవది గ్రీన్ కార్డు. తలిదండ్రుల కొరకు దీనిని కోరాలంటే బిడ్డ అమెరికా పౌరసత్వం పొంది ఉండాలి, 21 ఏండ్లు నిండి ఉండాలి. తనకే గ్రీన్ కార్డు మాత్రమే ఉన్న కుమారుడు తలిదండ్రుల కొరకు దరఖాస్తు పెట్టలేడు. తల్లికి ఒకటి, తండ్రికి ఒకటి, వేర్వేరు దరఖాస్తులు పెట్టాలి. వీరిని నేను పోషిస్తాను, ప్రభుత్వం మీద భారం పడనివ్వను అని బిడ్డ ఒక పత్రం మీద సంతకం చేయాలి. అది మాట వరసకు పెట్టే సంతకం కాదు, చట్టం ముందు చెల్లే హామీ.

ఇక పాస్టర్ల దగ్గరకు వచ్చే పని. తల్లి కొరకు పెట్టే దరఖాస్తుకు బిడ్డ జనన పత్రం చాలు, అందులో తల్లి పేరు ఉండాలి. తండ్రి కొరకైతే తలిదండ్రుల వివాహ పత్రం కూడా కావాలి. జననాలు నమోదు చేయాలనే చట్టం 1969లోనే వచ్చినా, ఆ తరువాత చాలా కాలం వరకు మన పల్లెల్లో మంత్రసాని చేతిలో పుట్టిన బిడ్డల లెక్క ఎవరు వ్రాశారు? అటువంటప్పుడు జనన నమోదు దొరకలేదని అధికారి ఇచ్చే పత్రం తెచ్చుకుని, దానికి వేరే ఆధారాలు జత చేయాలి. బడి రికార్డు, పుట్టుక సంగతి స్వయంగా తెలిసిన పెద్దల అఫిడవిట్లు పనికివస్తాయి. పుట్టిన 2 నెలల లోపు బాప్తిస్మం లేక ప్రతిష్ఠ జరిగినట్లు సంఘ ముద్రతో ఉన్న పత్రం కూడా పనికివస్తుంది. అందులో పుట్టిన తేదీ, స్థలం, తలిదండ్రుల పేర్లు ఉండాలి. పసిబిడ్డలకు బాప్తిస్మమిచ్చే సంఘాలవారికి ఇది మేలు. పెద్దయ్యాక బాప్తిస్మం పొందినవారు బడి కాగితం, అఫిడవిట్ల దారిలోనే పోవాలి.

ఆ 2 నెలల మాట విన్న ఒకాయన నా దగ్గరకు వచ్చి, “తేదీ కాస్త వెనక్కు వేసి వ్రాయండి అయ్యగారూ, ఎవరు చూడవచ్చారు?” అన్నాడు. ఎవరో ఏజెంటు చెప్పి పంపాడట. నేను వ్రాయలేదు. అబద్ధం పాపమన్న మాట అలా ఉంచి, లాభనష్టాలే చూద్దాం. వలస కాగితాలలో మోసం చేశారని తేలితే ఆ మనిషికి జీవితాంతం తలుపు మూస్తారు. మాఫీ అడగాలంటే భార్య లేక భర్త, లేదా తల్లి లేక తండ్రి అక్కడ పౌరులో, శాశ్వత నివాసులో అయి ఉండాలి. కుమారుడు పౌరుడైనంత మాత్రాన ఆ మాఫీకి దారి దొరకదు. ఎవరి దగ్గర ఉండటానికి ఆ తేదీ మార్చారో, ఆ బిడ్డే వారిని కాపాడలేడు.

పేర్ల చిక్కు ఇంకొకటి. మనవారికి బడిలో ఒక పేరు, బాప్తిస్మంలో ఒక పేరు ఉంటాయి. పింఛను పుస్తకంలో ఇంటిపేరుకు పొడి అక్షరం మాత్రమే ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు, సొంత పేరు వేరుగా లేక ఒక్క పేరే ఉంటే, వీసా మీద ఆ ఒక్క పేరును ఇంటిపేరుగా వేసి, సొంత పేరు ఉండవలసిన చోట ఎఫ్.ఎన్.యు. అని వేస్తారు. మొదటి పేరు తెలియదని దాని భావం. అరవై ఏండ్లు సుందరమ్మగా బ్రతికిన తల్లిని అక్కడ ఆసుపత్రిలో “ఎఫ్.ఎన్.యు.” అని పిలిస్తే ఆమె ఎలా పలుకుతుంది? దరఖాస్తుకు ముందే పాస్‌పోర్టు సరిచేయించుకోవడం మంచిది.

ఇప్పుడు అసలు సంగతి. చాలామంది పెద్దలు గ్రీన్ కార్డును మంచి వీసా అనుకుంటున్నారు. మాటిమాటికి ఇంటర్వ్యూలు లేకుండా, ఎప్పుడు కావాలంటే అప్పుడు పోయి రావచ్చుననుకుంటున్నారు. అది నివాసానికి ఇచ్చిన కార్డు. నా ఇల్లు ఇక అమెరికాలో ఉన్నది అని మనం ఒప్పుకున్నందుకు ఇచ్చినది. కార్డు మీద 10 ఏండ్ల గడువు ఉండవచ్చు. అయితే 6 నెలలు దాటి బయట ఉండి వెళ్తే ప్రశ్నలు మొదలవుతాయి. ఏడాది లేక అంతకు మించి ఉంటే ఆ కార్డు తిరిగి ప్రవేశించడానికి చెల్లదు. ఎక్కువ కాలం బయట ఉండక తప్పదనుకుంటే రీ-ఎంట్రీ పర్మిటు తీసుకోవాలి. అది మామూలుగా 2 ఏండ్ల వరకు పనికివస్తుంది. అయితే దానికి అమెరికాలో ఉన్నప్పుడే దరఖాస్తు పెట్టాలి. ఇక్కడికి వచ్చాక పెట్టడం కుదరదు.

నాకు తెలిసిన ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారు, వారి భార్య కార్డులు తీసుకున్నారు. అక్కడ 2 నెలలు ఉండి, చలికాలం ఓర్వలేక ఊరికి వచ్చేశారు. ఇంతలో ఆమెకు మోకాలి ఆపరేషను, ఆ తరువాత చెల్లెలి కూతురి పెండ్లి, కౌలు లెక్కలు. 14 నెలలు గడిచాయి. టికెట్లు తీసుకోబోతుండగా ఎవరో చెబితే సంగతి బయటపడింది. కుమారుడు ఫోనులో, “కార్డుకు ఇంకా ఎనిమిదేళ్లు ఉంది కదా నాన్నా, ఫరవాలేదనుకున్నాను” అన్నాడట. అటువంటివారు కాన్సులేటులో తిరిగి వచ్చే నివాసి వీసా అడగవచ్చు. కాని మా చేతిలో లేని కారణం వలననే ఆగిపోయామని రుజువు చూపాలి. ఆపరేషనుకు కాగితాలున్నాయి, పెండ్లికి ఏమున్నాయి? చివరకు ఆ దంపతులు ఐ-407 అనే ఫారం ద్వారా కార్డులు వదులుకుని విజిటరు వీసాకు దరఖాస్తు పెట్టుకున్నారు. “ఇప్పుడు మనసు తేలికగా ఉంది అయ్యగారూ” అన్నారు హెడ్మాస్టరు గారు. ఆ తేలిక కోసం ఎంత సొమ్ము ఖర్చు చేశారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ ఐ-407 గురించి ఒక హెచ్చరిక. అది ఇష్టపూర్వకంగా పెట్టే సంతకం. విమానాశ్రయంలో అధికారి ఆ ఫారం ముందు పెట్టి సంతకం చేయమంటే, కార్డు వదులుకోవడం ఇష్టం లేనివారు చేయనని చెప్పి, వలస న్యాయాధిపతి ఎదుట విచారణ కోరవచ్చు. ఇంగ్లీషు రాని పెద్దలకు ఈ సంగతి ఇక్కడే నేర్పి పంపండి.

కార్డుతోపాటు చిన్న విధులు కూడా వస్తాయి. కార్డు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. కొడుకు ఇంటి నుండి కూతురి ఇంటికి మకాం మార్చితే 10 దినాలలో చిరునామా తెలియజేయాలి. పన్ను విషయంలో ఇక్కడి పింఛను, బ్యాంకు వడ్డీ, పొలం కౌలు కూడా అమెరికా లెక్కలో చూపాలి. ఇక్కడ వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు గనుక అక్కడా చెప్పనక్కరలేదనుకోకండి. ఇండియాలోని ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే వేరే రిపోర్టు ఇవ్వాలి. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ము డిపాజిట్టు చేసిన మాస్టార్లలో చాలామంది ఈ లెక్కలోకి వస్తారు. రిపోర్టు ఇచ్చినంత మాత్రాన పన్ను పడదు గాని, ఇవ్వకపోతే జరిమానా పడవచ్చు.

వైద్యం సంగతి బిడ్డలు తరచుగా మరచిపోతారు. ఎన్నడూ అక్కడ పనిచేయని తలిదండ్రులు 65 ఏండ్లు దాటి, కార్డుతో 5 ఏండ్లు ఎడతెగకుండా నివసించాకనే ప్రభుత్వ మెడికేర్‌లో చేరగలరు. అదీ నెలనెలా సొమ్ము కట్టి. అంతవరకు ఇన్సూరెన్సు ఖర్చు కుటుంబానిదే. బి.పి., షుగరు ఉన్న తండ్రిని తీసుకువెళ్లే ముందు ఈ లెక్క కాగితం మీద వేసుకోవాలి.

ఇక్కడి వైపు కూడా పనులున్నాయి. విదేశంలో స్థిరపడినవారి మామూలు బ్యాంకు ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్చాలి. పింఛనుదారులు బ్రతికి ఉన్నట్లు ఏటేటా రుజువు ఇవ్వాలి. ఎక్కడ, ఎలా ఇవ్వాలో బయలుదేరకముందే ట్రెజరీలో లేక బ్యాంకులో కనుక్కోండి. పొలం అమ్మివేయనక్కరలేదు, ఉన్నది ఉంచుకోవచ్చు. కొత్తగా వ్యవసాయ భూమి కొనడం మాత్రం కుదరదు.

కార్డు వచ్చిన 5 ఏండ్లకు పౌరసత్వం అడగవచ్చు. 55 ఏండ్లు దాటి, కార్డుతో 15 ఏండ్లు నివసించినవారు ఇంగ్లీషు పరీక్ష లేకుండా, దేశ చరిత్ర, ప్రభుత్వం గురించిన ప్రశ్నలకు తెలుగులోనే జవాబు చెప్పవచ్చు. అక్కడి పౌరులైతే ఇక్కడి పౌరసత్వం పోతుంది. అప్పుడు ఓ.సి.ఐ. కార్డు తీసుకుంటారు. ఈ పథకాన్ని 2006 జనవరిలో హైదరాబాదులోనే ప్రారంభించారు. దానితో రాకపోకలకు, ఉండటానికి అడ్డం లేదు. ఓటు ఉండదు.

రాజైన దావీదు పిలిచినా, ఎనభై ఏండ్ల బర్జిల్లయి తన ఊరిలోనే ఉంటానని మర్యాదగా చెప్పి, తనకు బదులు కింహామును పంపాడు. ఆయన మాటను ఎవరూ తప్పు పట్టలేదు. రమ్మని పిలిచే బిడ్డలు ప్రేమతోనే పిలుస్తారు. కాని ముఖ్యంగా విధవరాలైన తల్లిని ఎవరూ అడగరు. పురుడుకని తీసుకువెళ్లి, బిడ్డను పెంచాలని ఆపి, తరువాత కార్డు పెట్టించిన కుటుంబాలు నాకు తెలుసు. “అమ్మా, నీకు అక్కడ ఉండాలని ఉందా, వచ్చి పోవాలని ఉందా?” అని దరఖాస్తుకు ముందే అడగండి. వచ్చి పోవాలని ఉందంటే విజిటరు వీసాయే ఆమెకు తగినది. కార్డే కావాలంటే ఏజెంటును గాక, అక్కడ లైసెన్సు ఉన్న వలస న్యాయవాదిని బిడ్డ చేత కలిపించండి. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి.

అక్కడ ఉన్నన్నాళ్లు ఆమె పాస్‌పోర్టు, కార్డు ఆమె పెట్టెలోనే ఉండాలి, కోడలి బీరువాలోనో అల్లుని ఆఫీసులోనో కాదు. వాటి జిరాక్సులు ఒక జత, పింఛను పుస్తకం, పట్టాదారు పాసుపుస్తకం నకళ్లతో కలిపి, ఊరిలో నమ్మకమైన తమ్మునికో మరిదికో ఇచ్చి వెళ్లండి. ఆ కవరు మీద ఇక్కడికి తిరిగి రావలసిన తేదీ, అక్కడికి మళ్లీ చేరవలసిన తేదీ తెలుగులో పెద్ద అక్షరాలతో వ్రాయించండి.